గోంగూర సీసా మూత ఎందుకు రాదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మా అత్తగారూ నేనూ ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి, అప్పడాలు వత్తి అమ్ముతుంటాం. ఊళ్లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కొంటారు. విశాఖపట్నానికీ భువనేశ్వర్‌కీ కొరియర్‌లో పంపుతాం. పోయిన నెల విశాఖ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "అమ్మా, నీ పచ్చడి వచ్చి పది రోజులైంది. ఇంకా రుచి చూడలేదు, మూత రాలేదు" అన్నారు. ఆవిడ ఒక్కరే ఉంటారట. నాకు చాలా సిగ్గేసింది. మిగతావాళ్లని అడిగితే ఇంకో ఆరేడుగురు ఇదే మాట చెప్పారు. ఎక్కువగా గోంగూర, టమాటా సీసాల గురించే. ఆవకాయ గురించి ఎవరూ అనలేదు. మా అత్తగారికి కూడా కీళ్లవాతం ఉంది, రుమటాయిడ్ అని డాక్టరు చెప్పారు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. అందుకే సీసాతోపాటు మూత తీసే ప్లాస్టిక్ ఓపెనర్ ఒకటి ఉచితంగా ఇద్దామనుకుంటున్నాను. దాన్ని పోత పోసే అచ్చుకి, అంటే మోల్డుకి, 60 వేలు అడుగుతున్నారు. ఓపెనర్ డిజైన్ ఎలా ఉండాలో చెప్పగలరా? ఇంకో మాట. ఎంత నొప్పి ఉన్నా మా అత్తగారు సీసాలు తానే తీస్తానంటారు. వద్దనాలా?
ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం:

అమ్మా, ముందు ఆ 60 వేలు ఎవరికీ ఇవ్వకండి. మీ జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది.

"ఆవకాయ గురించి ఎవరూ అనలేదు" అని రాశారు చూడండి, చదువుతూ అక్కడ ఆగిపోయాను. ఆవకాయకి నూనె పచ్చిగానే పోస్తాం. గోంగూరకీ టమాటాకీ పోపు వేస్తాం, కాగిన నూనె కలుపుతాం. కొరియర్ అబ్బాయి వచ్చే టైమ్ అయిపోతోందని, పచ్చడి ఇంకా వేడిగా ఉండగానే సీసాల్లోకి ఎత్తి మూత బిగించేస్తున్నారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. నా అనుమానం అదే. వేడిగా ఉన్నప్పుడు సీసాలో పైన మిగిలిన గాలీ ఆవిరీ చల్లారాక కుంచించుకుపోతాయి. లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతని కిందికి నొక్కి పెడుతుంది. మీరు వాడేది 63 మిల్లీమీటర్ల రేకు మూత అనుకుందాం. లోపలి ఒత్తిడి నాలుగో వంతు తగ్గినా చాలు, మూత మీద దాదాపు 8 కిలోల బరువు పెట్టినట్టే. ఆ బరువుని మోస్తూ మూత తిప్పాలి మీ పెద్దావిడ.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఉన్న గోంగూర సీసా ఒకటి తీసుకుని మూత మధ్యలో వేలితో తడిమి చూడండి. లోపలికి పీల్చుకుని చిన్న గుంటలా ఉంటే నేను చెప్పింది నిజం. చెంచా కాడ అంచుని మూత కిందికి దూర్చి కొంచెం ఎత్తండి. "టప్" మంటుంది. ఆ తర్వాత మూత దానంతటదే తిరిగినట్టు వచ్చేస్తుంది.

కాబట్టి మొదటి పని, పచ్చడి పూర్తిగా చల్లారాక మూత పెట్టడం. పొడి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచి, తెల్లారి నింపండి. ఉప్పు, కారం, నూనె, పులుపు సరిపడా ఉన్న మన పచ్చళ్లు నిలవ ఉండేది వాటి బలం మీదే. మూత కింద గాలి లేకపోవడం వల్ల కాదు. అయితే ఈ మధ్య ఉప్పు తగ్గించి, నూనె తగ్గించి "లైట్" పచ్చళ్లు చేస్తున్నారు కొందరు. మీరూ అలాంటివి చేస్తుంటే మాత్రం నా మాట మీద పద్ధతి మార్చకండి. ఆహార భద్రత తెలిసినవాళ్లని అడిగే మార్చాలి.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈవిడెవరు మూతల గురించి ఇంత మాట్లాడటానికి అనుకుంటారు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. రిటైరయ్యాక పర్లాకిమిడిలో ఉంటున్నాను. పనిచేసినన్నాళ్లూ నా పనంతా చేతులతోనే. బొత్తాం పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, తాళం తిప్పడం, సీసా మూత తీయడం. నా దగ్గరికి వచ్చినవాళ్లలో నడవలేకపోయినందుకు ఏడ్చినవాళ్లు తక్కువ. పక్కింటి పిల్లాడిని పిలిచి మాత్రల డబ్బా మూత తీయించుకోవాల్సి వచ్చినందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది.

ఇప్పుడు మీ ఓపెనర్ సంగతి. అది మంచి ఆలోచనే, కానీ వరసలో చివర రావాల్సింది ముందు వచ్చింది. ఓపెనర్ వచ్చిన మొదటి వారం వాడతారు. రెండో వారం అది సొరుగులో గరిటెల కింద చేరుతుంది. పైగా ఓపెనర్ పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి, సీసా కదలకుండా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. పక్షవాతం వచ్చి ఒక వైపు చెయ్యి పడిపోయినవాళ్లకి అది దేనికి పనికొస్తుంది? మూత కష్టంగా ఉంచేసి, ఆ కష్టానికి మందుగా ఇంకో వస్తువు ఇవ్వడం కంటే, మూతనే సులువు చేస్తే ఎవరూ ఏదీ వెతుక్కోనక్కర్లేదు.

సీసాలు కొత్తగా కొనేటప్పుడు మూత వెడల్పు చూడండి. 63 కాకుండా 82 మిల్లీమీటర్ల మూతలున్న సీసాలు కూడా దొరుకుతాయి. వేళ్లతో ఎంత బిగించి పట్టుకున్నామన్నది ఒకటే అయినప్పుడు, వెడల్పు మూత మీద తిప్పే బలం దాదాపు 30 శాతం ఎక్కువ వస్తుంది. చిన్న స్పానరుకీ పెద్ద స్పానరుకీ ఉండే తేడా అది. అలాగని ఇంకా పెద్దదానికి పోకండి. కీళ్లు వాచిన చెయ్యి పూర్తిగా విచ్చుకోదు, వంద మిల్లీమీటర్లు దాటిన మూత ఆ చేతికి అందదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వేడి సంగతి తేల్చుకోకుండా వెడల్పు మూతకి మారితే తంటా పెరుగుతుంది. మూత విస్తీర్ణం పెరిగిన కొద్దీ గాలి నొక్కే బరువు కూడా పెరుగుతుంది. 63 నుంచి 82కి వెళ్తే అది ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకే చల్లార్చడం ముందు, సీసా మార్చడం తర్వాత.

మూతలు ఎవరు బిగిస్తున్నారు? మీ ఆయనా, సాయానికి వచ్చే కుర్రాడా? కారకూడదన్న భయంతో కండ బలమంతా పెట్టి బిగిస్తారు. మగపిల్లాడు బిగించిన మూతని 70 ఏళ్ల ఆవిడ తీయాలి. ఆ పని మీరు చేయండి, అదీ వేళ్ల బలంతోనే. సీసాని ఒక పూట బోర్లించి కాగితం మీద పెట్టి చూడండి. నూనె మరక పడకపోతే ఆ బిగువు చాలు. మూత పెట్టే ముందు సీసా మూతి చుట్టూ ఉన్న మరలని పొడి గుడ్డతో తుడవడం మాత్రం మానకండి. అక్కడ మిగిలిన ఉప్పూ నూనే ఎండి జిగురు కడితే మూత అతుక్కుపోతుంది. మూత పైన నూనె జిడ్డు ఉంటే చెయ్యి జారుతుంది. పెద్దగా ఖర్చు లేని పనులివి, గుడ్డ ఒక్కటి ఎక్కువ అవుతుంది.

పట్టు కోసం మూత చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేయండి. మా వార్డులో ఇంటికెళ్లే ప్రతివాళ్లకీ సైకిల్ ట్యూబు ముక్క రెండు వేళ్ల వెడల్పున కోసి ఇచ్చేదాన్ని. ఏ మూతకైనా తొడిగేయొచ్చు. కొనుక్కున్న గోంగూర సీసాకి పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంటే జనం మొహం తిప్పుకుంటారు కాబట్టి మీరు కొత్త రబ్బరు బ్యాండే వాడండి. వేసేటప్పుడు ఆవకాయకి ఒకటి, గోంగూరకి రెండు, టమాటాకి మూడు వేయండి. చూపు మందగించినవాళ్లు చేత్తో తడిమి ఏ సీసానో చెప్పేస్తారు. ఈ కిటుకు నాది కాదు. జపాన్‌లో కావో అనే కంపెనీ 1991లో షాంపూ సీసా పక్కన చిన్న చిన్న గాట్లు పెట్టింది. తల మీద నురగతో కళ్లు మూసుకున్నా ఏది షాంపూ, ఏది కండిషనర్ అన్నది వేలికి తెలిసిపోతుంది. చూపు లేనివాళ్ల కోసం ఆలోచించింది, స్నానం చేసే ప్రతివాళ్లకీ పనికొచ్చింది.

అలాంటిదే ఇంకొకటి. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన భార్యకి కీళ్లవాతం. కూరగాయల తొక్క తీసే పీలర్ పట్టుకోలేక ఇబ్బంది పడుతుంటే, లావుగా మెత్తగా ఉండే రబ్బరు పిడితో పీలర్ తయారు చేయించాడు. 1990లో ఆక్సో పేరుతో బజారుకొచ్చింది. దాని మీద "రోగుల కోసం" అని రాసుంటే ఎవరు కొనేవారు? మీ సీసా మీద కూడా "వృద్ధుల కోసం" అని రాయకండి. పెద్దావిడకి అది మర్యాదగా ఉండదు, చిన్నవాళ్లు కొనరు.

ఇప్పటిదాకా నొప్పి పుట్టే చేతుల గురించే మాట్లాడాను. నొప్పి తెలియని చేతులు కూడా మన వైపు ఉన్నాయి. కుష్టు నయమైపోయినా నరాలు దెబ్బతిన్నవాళ్లకి వేళ్లు లోపలికి వంగి బిగుసుకుపోతాయి, స్పర్శ ఉండదు. ఏళ్ల క్రితం నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒక పెద్దాయన పాలపొడి డబ్బా తీస్తున్నాడు. లోపలి రేకు సీలు అంచు పట్టుకుని చింపుతూ, మనవరాలి పెళ్లి సంబంధం గురించి నాతో చెబుతున్నాడు. పాలపొడి మీద ఎర్రటి చుక్కలు పడటం నేను ముందు చూశాను. ఆయన ఇంకా పెళ్లికొడుకు ఉద్యోగం గురించే చెబుతున్నాడు. బొటనవేలు అర అంగుళం తెగింది, ఆయనకి తెలియలేదు.

ఆ రోజు నుంచి ఏ ప్యాకెట్ చూసినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. నొప్పి ఉన్న చెయ్యి దీన్ని తీయగలదా? నొప్పి తెలియని చెయ్యి దీనితో కోసుకుంటుందా? మీ మూతల అంచు వేలితో రాసి చూడండి, గరుకుగా ఉన్న లాటు వెనక్కి పంపేయండి. మూత కింద అల్యూమినియం సీలు వేయిద్దామనుకుంటే మీదికి లేచే అర్ధచంద్రం ట్యాబ్ ఉన్నదే అడగండి. అంచు గోటితో గీకాల్సిన సీలు వద్దు. గోరు పట్టు ఉండాలంటే చిటికెడంత జాగాలో బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. మీ అత్తగారి చేతికీ ఆ పెద్దాయన చేతికీ మొదట పోయింది ఆ శక్తే.

అప్పడాల ప్యాకెట్ల గురించి మీరు అడగలేదు గానీ నాకు అసలు కోపం వాటి మీదే. ఎండాకాలం మధ్యాహ్నం పఖాళ, అదే నీళ్లలో నానిన చద్దన్నం, కలుపుకుని కూర్చున్నాను. ఊళ్లో కొన్న అప్పడాల కవరు, ఎవరు చేశారో చెప్పను. సీలింగ్ మిషన్‌తో సరిగ్గా అంచు మీదే అతికించారు, పట్టుకోవడానికి దారమంత జాగా లేదు. పళ్లతో లాగాను, సాగింది గానీ చిరగలేదు. రెండోసారి గట్టిగా లాగేసరికి కవరు నిలువునా చీలి అప్పడాలన్నీ నేల మీద పరుచుకున్నాయి. జీవితమంతా చేతుల గురించి పాఠాలు చెప్పినదాన్ని, నోటితో ప్యాకెట్ చింపుతూ దొరికిపోయాను. నా వెనకాల మా పనమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

మీరు చేయాల్సింది ఇంతే. ఇప్పటి కవరు కంటే రెండంగుళాలు ఎక్కువ పొడుగుది తీసుకోండి. సీలు గీత అంచు నుంచి ఒకటిన్నర అంగుళం కిందికి జరపండి. పైన మిగిలిన జాగాలో వేలు దూరేంత రంధ్రం పంచ్ చేయండి. చిటికెన వేలైనా, వంగిన వేలైనా, పెన్నైనా అందులో దూర్చి లాగొచ్చు. పక్కన కూడా వెడల్పుగా అతికించిన కవరైతే, సీలుకి కాస్త కింద ఆ పక్క అతుకులోనే కత్తెరతో చిన్న గాటు పెడితే చిరుగు అక్కడే మొదలై అడ్డంగా పోతుంది. సాగే రకం పల్చటి కవర్లలో ఈ గాటు అంత బాగా పనిచేయదు. కొనేముందు షాపులోనే ఒకటి చింపి చూడండి. కత్తెర కావాలంటే మీ ఊళ్లో కొదవేముంది, పట్టుచీరల మగ్గాల ఊరు. మగ్గం దగ్గరా టైలరు దగ్గరా ఉండే దారం కత్తెర, స్ప్రింగుతో దానంతటదే తెరుచుకునేది, వంటింట్లో ఒకటి పెట్టుకోమనండి. మామూలు కత్తెరలా బొటనవేలు దూర్చి తెరవక్కర్లేదు, అరచేత్తో నొక్కితే చాలు. స్పర్శ లేనివాళ్లకి మాత్రం ఇది చెప్పకండి, దాని మొన పదునుగా ఉంటుంది.

కొరియర్ డబ్బా మీద టేపు చుట్టేటప్పుడు చివర ఒక అంగుళం లోపలికి మడవండి. అంతే. టేపు మొదలెక్కడుందో గోటితో వెతుక్కునే బాధ తప్పుతుంది. మైక్రోసాఫ్ట్ 2018లో చేతులు సరిగా పనిచేయనివాళ్ల కోసం ఒక గేమ్ కంట్రోలర్ తెచ్చింది. దాని డబ్బాకి వేలో మణికట్టో దూర్చి లాగే ఉచ్చులు పెట్టారు. పళ్లతో పని పడకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. మీకంత ఖర్చు అక్కర్లేదు. జానెడు నాడా ముక్కని ఉచ్చులా మడిచి, రెండు కొసలూ టేపు కింద అంటించి ఉచ్చు బయటికి వదలండి. లాగితే టేపంతా లేస్తుంది. అట్ట కాస్త చిరిగినా ఫర్వాలేదు.

ఇవన్నీ చేశాక మీ వీధిలోనే నలుగురైదుగురు పెద్దవాళ్లని కూర్చోబెట్టండి. కీళ్లనొప్పులున్న ఒకావిడ, ఒక చెయ్యే పనిచేసే ఒకాయన, చెయ్యి వణికే ఇంకొకరు. సీసా, ప్యాకెట్, డబ్బా ముందు పెట్టి "తీయండి" అనండి. పళ్లూ కత్తీ వద్దని చెప్పండి. తర్వాత మీరు నోరు మూసుకోవాలి, అదే కష్టం. "అలా కాదు మామ్మా, ఇటు నుంచి" అన్నారంటే పరీక్ష పాడైపోయినట్టే. మొదట వాళ్ల వేలు ఎక్కడికి వెళ్లిందో చూడండి. మీ బాణం గుర్తు ఒక చోట ఉండి, అందరి వేలూ ఇంకో చోటికి వెళ్తుంటే జరగాల్సింది బాణమే. ప్యాకేజీ సులువుగా తెరుచుకోవడానికి ఐఎస్ఓ 17480 అని 2015లో అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. మీరు దాన్ని కొని చదవక్కర్లేదు. అరుగు మీద ఒక సాయంత్రం చాలు. వచ్చినవాళ్లకి తలా ఒక సీసా ఇచ్చి పంపండి, ఊరికే చేయించుకోకండి. బాణం పక్కన "ఇక్కడ లాగండి" అని తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాల్లో వేయించండి. లేబుల్ మీద దేవుడి బొమ్మ కొంచెం చిన్నదైతే ఆయనేమీ అనుకోడు.

ఇక్కడొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్‌లో, అందరూ వాడుకోగల సరుకుల తయారీని ప్రభుత్వం ప్రోత్సహించాలని ఉంది. ఆ ప్రోత్సాహం మా పర్లాకిమిడి కిరాణా కొట్టు దాకా ఇంకా రాలేదు.

అప్పటికీ ఓపెనర్ ఇవ్వాలనిపిస్తే, షెల్ఫుల్లో పరిచే జారని రబ్బరు మ్యాట్ కొని అరచేతంత ముక్కలు కోసి సీసాకి రెండు పెట్టండి. ఒక ముక్క సీసా కింద, ఇంకోటి మూత మీద. ఒంటిచేతివాళ్లకి కూడా పనికొస్తుంది, దానికి మోల్డు అక్కర్లేదు. ప్రత్యేకంగా ఒకరి చేతికి తగ్గట్టు పరికరం చేయించాలంటే కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది, అక్కడి థెరపిస్టులు చేతిని చూసి చెబుతారు.

ఇక మీ అత్తగారు. వద్దనకండి. మీ ఇంట్లో పచ్చడి ఆవిడది, సీసా తీయడం కూడా ఆవిడదే అనుకుంటున్నారు. కాకపోతే రెండు మార్పులు చెప్పండి. పొద్దున్న బిగుసుకుపోయిన వేళ్లతో ఆ పని పెట్టుకోవద్దు, పదకొండు దాటాక చేయమనండి. ఇంకోటి, మూత తీసేది ఎడమ చేత్తో. కుడిచేత్తో తిప్పితే మూత మొండికేసే బలమంతా వేళ్లని చిటికెనవేలి వైపుకి నెడుతుంది. రుమటాయిడ్‌లో వేళ్లు ఒరిగిపోయేది ఆ వైపుకే. ఎడమ చేత్తో తీస్తే ఆ బలం బొటనవేలి వైపు పోతుంది. మూత బిగించేటప్పుడు మాత్రం కుడిచెయ్యి. సీసాని తడిగుడ్డ మీద, నడుము కంటే కిందికి వచ్చే బల్ల మీద పెట్టి, వేళ్లతో పట్టుకోకుండా అరచేతిని మూత మీద పరిచి, భుజం నుంచి తిప్పమనండి. మొదటి వారం విసుక్కుంటారు. "ఇన్నేళ్లు కుడిచేత్తో తీశాను, ఇప్పుడొచ్చి నేర్పుతున్నావా" అంటారు. బరంపురం కోడలే నేర్పిందని చెప్పొద్దు, పర్లాకిమిడి నుంచి ఎవరో ముసలావిడ రాసిందని నా మీద పెట్టేయండి.